కొండ అంచున తోడు

నార్వేలో ఆ కొండ అంచుకు ఇప్పుడు ఒంటరివాళ్ళను రానివ్వరు. ఒంటరిగా వస్తే, పోయిన మనవాళ్ళ గొంతునే యంత్రంతో చేయించి చెవిలో తోడు పెడతారు. మనమీద అంత దయ.

వంటింటి గోడకు ఆ కొండ బొమ్మ అంటించుకుని, చూడకుండానే పోయింది నా భార్య సూరమ్మ. అందుకే ఎక్కాను.

"అలసిపోయారా, అప్పలస్వామి గారూ?" అంది చెవిలో సూరమ్మ గొంతు.

బతికినన్నాళ్ళూ ఆమె నా పేరు పలకలేదు. "ఇదిగో, నిన్నే" అనేది. చచ్చాక మర్యాద నేర్చింది కాబోలు.

అంచు దగ్గర గేటు అడిగింది: "మీ చెవిలో ఉన్నది మీ భార్యేనా?" అవునంటే తెరుచుకుంటుంది.

"మా ఆవిడ ఇంత మంచిది కాదు," అన్నాను.

గేటు తెరుచుకోలేదు. చెవిలో గొంతూ ఆగిపోయింది. దిగేటప్పుడు దారంతా ఎవరూ మాట్లాడలేదు. సూరమ్మ అలిగిన రోజున అచ్చం ఇలాగే నడిచేవాళ్ళం.