బుజ్జమ్మ జాడ

బోటు సరంగు చేపల బుట్ట తెచ్చి, సీల్ జంతువుల మీద పరిశోధన చేసే మేడం టేబుల్ పక్కన పెట్టాడు.

"మీ పుణ్యమా అని, ఈసారి మంచు సముద్రంలో వేసిన వల వేసినట్టే నిండింది మేడం."

"నేనేం చేశాను?"

"భలేవారే! మీ బుజ్జమ్మ ఎక్కడ మేస్తోందో ఫోన్లో చూపిస్తున్నారుగా. అది ఎటుపోతే మేమూ అటే."

ఆ సీల్‌కి బుజ్జమ్మ అని పేరు పెట్టింది ఆమె కూతురు. పిల్లలు చూసి మురిసిపోతారని అది తిరిగే చోటు చూపే మ్యాపు ఫోన్లో అందరికీ కనబడేలా పెట్టింది మాత్రం తనే.

సరంగు తటపటాయిస్తూ జేబులోంచి, బుజ్జమ్మ తలకి ఆమె అతికించిన జాడ తెలిపే ట్రాన్స్‌మిటర్ తీశాడు. "వలలో చిక్కుకుంది మేడం. మేం చూసేసరికే..."

ఏ మొహం పెట్టుకుని అతన్ని తిడుతుంది?

ఫోన్ మోగింది. కూతురి గొంతు గంతులేస్తోంది.

"అమ్మా, మ్యాపు చూశావా? బుజ్జమ్మ మీ ఆఫీసుకే వచ్చింది! తినడానికేమైనా పెట్టావా?"