మంత్రిగారి గొంతు

ముసలమ్మ రెండు చేతులూ జోడించింది.

"నూరేళ్ళు చల్లగా ఉండు నాయనా. పొద్దున నువ్వు ఫోన్ చేశావట, మధ్యాహ్నానికల్లా మా మనవడికి ఆసుపత్రిలో మంచం ఇచ్చారు."

మంత్రిగారు ఎవరికీ ఫోన్ చేయలేదు. అయినా ఊరికే వచ్చిన పుణ్యాన్ని కాదనే నాయకుడు ఇంకా పుట్టలేదు. చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు.

మర్నాడు ఇంజనీరు వచ్చాడు.

"మీరు చెప్పిన వీధికి నీళ్ళు వదిలామండీ."

"నేనెప్పుడు చెప్పాను?"

"నిన్న ఫోన్లో. మీ గొంతు నాకు తెలీదా సార్?"

మంత్రిగారు వెంటనే లోపలికి వెళ్ళారు. భార్యతో చెప్పారు.

"మీరు చేయని పనులు ఎవడో చేస్తున్నాడు. చేయనివ్వండి," అందావిడ.

"ఇవాళ మంచం ఇప్పించాడు. రేపు నా గొంతుతో రాజీనామా చేస్తే? నా కుర్చీ గతేం కాను?"

అప్పటికప్పుడు ఆసుపత్రికి ఫోన్ చేశారు.

"నేను మంత్రిని. నా పేరు చెప్పి ఎవరడిగినా ఏమీ చేయొద్దు."

"ఎవరయ్యా నువ్వు?" అంది అవతల నర్సు. "మంత్రిగారు ముందు రోగి ఎలా ఉన్నాడని అడుగుతారు. వేషాలెయ్యకు, పెట్టెయ్."

ఆయన బిక్కచచ్చిపోయి రిసీవర్ పెట్టేశారు. ఆ మరుక్షణమే ఫోన్ మోగింది.

"మంత్రిని మాట్లాడుతున్నానమ్మా. మార్కెట్ వెనక సందుకి అంబులెన్సు పంపాలి. కాన్పు కష్టంగా ఉందట. తల్లికి స్పృహ ఉందో లేదో."

గొంతు తనదే. అదే జీర. మాట చివర అదే చిన్న దగ్గు.

"ఎవర్రా నువ్వు?" అన్నారు మంత్రిగారు.



"రాంగ్ నంబర్ అనుకుంటానండీ," అంది మళ్ళీ తన గొంతే.

మంత్రిగారు అంబులెన్సు పంపలేదు. పోలీసులకి చెప్పారు. ఆ ఫోన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ళు ఇట్టే పట్టేశారు.

సాయంత్రం ఇన్స్పెక్టర్ ఆయన్ని ఆసుపత్రి వెనక గదికి తీసుకెళ్ళాడు. బల్ల మీద ఎవరో ఉన్నారు. తెల్లగుడ్డ కప్పి ఉంది.

"మేం వెళ్ళేసరికి ఫోన్ చేతిలోనే ఉందండీ. కాన్పయింది, ఆడపిల్ల అని ఫోన్లో చెబితే విని జీపెక్కారు. దారిలోనే గుండె ఆగిపోయింది."

"ఎందుకు చేశాడట ఇదంతా?"

"వాళ్ళావిడ చెప్పింది. రోజూ గుమ్మం నిండా జనమేనట. తన పేరు చెబితే ఇప్పుడు ఏ ఆఫీసులోనూ పలికేవాళ్ళు లేరట. వచ్చినవాళ్ళని ఉత్తచేతులతో పంపలేక, మీ పేరు వాడుకున్నారట."

"ఎవడు వాడు?"

"వాడు అనకండి సార్. మీరే చూడండి."

మంత్రిగారు గుడ్డ తొలగించారు.

సభలో ఎదురు బెంచీలో కూర్చుని ఏళ్ళ తరబడి తన గొంతు విన్న మనిషి, ఊరూరా తిరిగి దొంగ అని తిట్టి తాను కుర్చీలోంచి దింపిన పాత మంత్రిగారు.