డ్రమ్ములో ఎక్కిన నీళ్లు

అవనిగడ్డ శివారులో మేం కట్టుకుంటున్న ఇంటికి పైపులు నేనే వేశాను. గోడల్లో గాడి తీసి, అతుకులు అంటించి, చివరలన్నీ బిరడాలతో బిగించాను. చీకటి పడ్డాక స్లాబు మీది డ్రమ్ములోంచి పైపుల్లోకి నీళ్లు వదిలి, డ్రమ్ములో నీళ్లు నిలిచినచోట బొగ్గుతో గీత గీశాను. గీత కిందికి నీళ్లు దిగితే ఎక్కడో కారుతున్నట్టే. తెల్లారితే మేస్త్రీ వచ్చి గోడలు పూసేస్తాడు. ఆ తర్వాత ఏం కారినా గోడ పగలగొట్టాల్సిందే.

కాసేపాగి మూత తీసి, టార్చి వేసి చూశాను.

"ఎంత దిగింది?" కింద నుంచి నా భార్య గంగాదేవి అడిగింది.

"దిగలా. బెత్తెడు ఎక్కింది."

"కల్లు తాగి గీశావా ఏంటి?"

"పొద్దుట్నించీ టీ కూడా తాగలా. వాన కూడా లేదు."

కిందికి వచ్చి బాత్రూములో బిరడా పీకాను. నీళ్లు ఎగజిమ్మాలి. చుక్క రాలేదు. పైన మాత్రం డ్రమ్ము నిండి స్లాబు మీద పొర్లుతున్న చప్పుడు వినపడింది.

"రేపు పూత వద్దని మేస్త్రీకి చెప్పు," అంది గంగాదేవి నెమ్మదిగా.

బిరడా మళ్లీ పెట్టబోయాను. పైపు లోపలి నుంచి ఏదో దాన్ని మెల్లగా లాగింది. నేను వదల్లేదు. అదీ వదల్లేదు.