ఫిలోమెనో కాపలా కాసిన దిబ్బ

ఇలా దగ్గరికి రండి, ఆ గిన్నెలు తర్వాత కడుగుదురుగాని. మా దిబ్బ సంగతి చెబుతాను.

చెరకు తోటల మధ్య ఉన్న ఆ మట్టిదిబ్బ మా పూర్వుల సమాధి. దానికి కాపలాదారు ఫిలోమెనో. ఇరవై రెండేళ్లుగా దాని పక్కనే రేకుల గదిలో ఉండేవాడు. దిబ్బ మీద మేక ఎక్కినా ఈల వేసేవాడు.

ఆయన బాధంతా మాతోనే. గుడ్ ఫ్రైడే నాడు భూమి తన కడుపులోవి తానే పైకి ఇస్తుందని మా ఊరి నమ్మకం. ఏటా ఆ రోజు వేయించిన చేపలు, చిచా అనే మొక్కజొన్న కల్లు కుండలు, పారలు పట్టుకుని ఊరంతా దిబ్బ ఎక్కేది. పూర్వుల పాత కుండలు దొరికినవి దొరికినట్టు ఇంటికి పట్టుకుపోయేవాళ్లం. మా తాతలూ తవ్వారు, మేమూ తవ్వాం.

ఆ ఏడు రాజధాని లీమా నుంచి ఒక అధికారి వచ్చాడు. తెల్ల బూట్లు, చంకలో ఫైలు.

"తవ్వి తవ్వి ఖాళీ చేసిన దిబ్బకు ప్రభుత్వ రక్షణ దేనికయ్యా?" అన్నాడు ఫిలోమెనోతో, ఊరందరి ముందూ. "ఈస్టర్ మర్నాడు వచ్చి మూడు చోట్ల తవ్విస్తాను. ఏమీ దొరక్కపోతే చెరకు తోట వాళ్లను దున్నుకోమని రాసిచ్చేస్తాను."

ఆ వారమంతా ఫిలోమెనోకు ముద్ద దిగలేదు.

గుడ్ ఫ్రైడే రానే వచ్చింది. పొద్దున్నే మేం బయల్దేరాం. పారలు, సంచులు, చంకన పిల్లలు. ఆయన చేతులు బార్లా చాపి దారికి అడ్డం నిలబడ్డాడు.

"ఈ ఒక్క ఏడాదైనా మానండమ్మా. మీ కాళ్లు పట్టుకుంటా."

"కాళ్లు తర్వాత పట్టుకుందువుగాని, ముందు దారి వదులన్నా. ఎండెక్కుతోంది," అన్నాను.

"సిగ్గు లేదుటే దోరాలిసా? మనవలు పుట్టుకొచ్చారు."

"వాళ్లూ వస్తున్నారుగా, వెనకాల చూడు."

మా పక్కింటి ఎర్మిందా పకపకా నవ్వి, ఆయన చెయ్యి కింద నుంచి దూరిపోయింది. ఆమె వెనకే మేమంతా. పాపం, ఆయన సముద్రం వైపు తిరిగి కూర్చుని టోపీ మొహం మీదికి లాక్కున్నాడు. సాయంత్రం దాకా తవ్వాం. పాటలు పాడుతూ, ఒకరినొకరు తోసుకుంటూ దిగాం. ఆయన మా వైపు కన్నెత్తి చూడలేదు.

సోమవారానికల్లా గాలికి ఇసుక సర్దుకుంది. అధికారి వచ్చి ఒక చోటు చూపించాడు. నాలుగు పారల మట్టి తీయగానే గుడ్లగూబ మొహం కుండ బయటపడింది. రెండో చోట మూడు. మూడో చోట లెక్కే లేదు. ఒకదాని అడుగున చిక్కుడు గింజ కనిపిస్తే రుమాల్లో చుట్టుకుని, "పూర్వులు చిక్కుళ్లు తినేవారు" అని ఫైల్లో రాసుకున్నాడు. తెల్ల బూట్ల సంగతే మరిచిపోయి మట్టిలో మోకరిల్లాడు. ట్రాక్టరు ఇటు రాకూడదు, కాపలా సాగాలి అని అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

ఫిలోమెనో నన్ను పక్కకు లాగాడు.

"శుక్రవారం అంతమంది తవ్వుకుపోయినా ఇన్నెలా మిగిలాయే?"

"నీ కాపలా అలాంటిదన్నా."

ఆయన మీసం దువ్వుకుంటూ వెళ్లి కొత్త ఈల కొనుక్కున్నాడు.

ఇది గుర్తుపెట్టుకుని మీ పిల్లలకూ చెప్పండి, ఫిలోమెనో మనవలకు మాత్రం చివరి మాట దాచి చెప్పండి. ఆ శుక్రవారం మా సంచులు కుండలతో నిండుగా దిబ్బ ఎక్కి, ఖాళీగా దిగాయి.