పెళ్ళిచూపులకు సోలార్ దీపం

“ఆ చొక్కా వద్దన్నా. తెల్లది ఏసుకో,” అంది గుమ్మంలో నిలబడిన కృపావతి.

బర్నబాస్ ఒక చేత్తో సోలార్ పెట్టె, ఇంకో చేత్తో వైరు చుట్ట పట్టుకొని పక్కనే ఉన్న ఆమె ఇంటికి బయల్దేరబోతున్నాడు.

“దీనికేమైందమ్మా?”

“కాలరు పీలికలై ఉండాది. కుప్పం నుంచి పెద్దమనుషులు వస్తాండారు. తెల్లది ఇట్లియ్యి, కరెంటు పొయ్యేలోగా ఇస్త్రీ చేసిస్తా.”

చొక్కా తీసుకొని ఆమె తనింటికి పరుగెత్తింది. భార్య పోయాక బర్నబాస్ ఇంట్లో ఇస్త్రీపెట్టెకు పని పడలేదు. పుంగనూరు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. కాలర్ల సంగతి పట్టదు. ఈ రోజైతే ధ్యాసంతా పెట్టె మీదే.

చిన్న సూట్‌కేసంత ఉండే ఆ పెట్టెను మదనపల్లె ఎగ్జిబిషన్లో ఈమధ్యే కొన్నాడు. లోపల బ్యాటరీ, పైన రెండు స్విచ్చులు. మిద్దె మీద పెట్టిన సోలార్ పలకకు పగలు ఎండ తగిలితే, కరెంటు పోయినప్పుడు ఒక లైటూ బుల్లి ఫ్యానూ నడుస్తాయి.

కృపావతి కూతురు జెనిఫర్‌ను చూడటానికి పోయిన నెల చింతామణి ఊరివాళ్ళు వచ్చినప్పుడు ఈ పెట్టె లేదు. పిల్ల కాఫీ తెచ్చే వేళకు కరెంటు పోయింది. వచ్చినవాళ్ళు కొవ్వొత్తి వెలుగులో రెండు మాటలు మాట్లాడి లేచిపోయారు. ఎంతకీ కబురు రాకపోయేసరికి పిల్ల ఎవరికీ మొహం చూపించలేదు. కళ్ళ ముందు పెరిగిన పిల్ల. ఇంకోసారి అలా కానివ్వకూడదనుకున్నాడు బర్నబాస్.

అందుకే, “శనివారం కుప్పం వాళ్ళు పెళ్ళి మాటలకు వస్తాండారన్నా, నీ పెట్టె తీసుకొని తప్పకుండా రా. మా ఆయనకు హార్స్లీ హిల్స్‌లో డ్యూటీ, మగదిక్కు ఎవురూ లేరు,” అని కృపావతి అడగగానే సరేనన్నాడు. కానీ ఆ వారమంతా మబ్బే. రెండు రాత్రులు తనింట్లో దీపం వేసుకోకుండా, చీకట్లోనే అన్నం తిని బ్యాటరీని కాపాడుకొచ్చాడు. చూపుల మధ్యలో లైటు ఆరిపోతే జెనిఫర్ మొహం ఎలా చూడాలన్నదే ఆయన దిగులు.

పొద్దుగూకాక వాళ్ళు వచ్చారు. చిన్నప్ప అనే పెద్దాయన, ఆయన చెల్లెలు ఎస్తేరు. ఆమె కుప్పంలో నర్సు. నలభై దాటి ఉంటాయి.

“పిల్లోడు రాలేదేమ్మా?” బర్నబాస్ గొంతు తగ్గించి అడిగాడు.

“అదంతా నేను సూసుకుంటా. నువ్వు కుర్చీలో కూర్చో,” అంది కృపావతి.

అనుకున్నట్టే కరెంటు పోయింది. బర్నబాస్ స్విచ్చి నొక్కాడు. గదంతా తెల్లటి వెలుగు పరుచుకుంది. జెనిఫర్ కాఫీ తెస్తుంటే దీపాన్ని మెల్లగా ఆమె వైపు తిప్పాడు.

“ఇట్ల తిప్పప్పా,” అన్నాడు చిన్నప్ప. “నువ్వు చీకట్లో ఉంటే యాడ సూసి మాట్లాడేది?”

బర్నబాస్ సగం తిప్పి, కాసేపాగి మళ్ళీ పిల్ల వైపే జరిపాడు. జెనిఫర్ పళ్ళెం అడ్డం పెట్టుకొని నవ్వింది. నెల తరవాత ఆ పిల్ల నవ్వటం చూసి ఆయన ప్రాణం లేచొచ్చింది.

“వంట మీరేనా సార్?” చిన్నప్ప అడిగాడు.

“నేనే. చారు, అన్నం. ఆదివారమైతే కోడిగుడ్డు.”

“తాగేది, గీగేది?”

“కాఫీనండి.”

“ఒక్కరికే అంత ఇల్లు యాలప్పా?”

“ఉండాది కాబట్టి ఉంటాండాను.”

ఇరుగుపొరుగు ఎలాంటివాళ్ళో కనుక్కుంటున్నారు కాబోలనుకొని, పిల్ల కోసం ప్రతిదానికీ ఒద్దికగా జవాబిచ్చాడు బర్నబాస్. సందు చూసుకొని, “మా జెనిఫర్ బంగారం సార్. బీకాం ఫస్టుక్లాసు,” అన్నాడు.

“అట్నా? సంతోషం,” అన్నాడు చిన్నప్ప, బర్నబాస్ మీంచి కళ్ళు తిప్పకుండా.

అప్పటిదాకా మాట్లాడని ఎస్తేరు పెట్టె వైపు చూసింది. “ఈ దీపం ఎంతసేపు వస్తాదండీ?”

“పొదుపుగా వాడితే తెల్లారేదాకా.”

“ఎండ లేని రోజు?”

“అంతకు ముందు కాసిన ఎండ లోపల ఉంటాది కదమ్మా. దాంతోనే నెట్టుకొస్తాది.”

“ఎన్నాళ్ళు నెట్టుకొస్తాది?”

బర్నబాస్ ఆలోచించాడు. “ఎక్కువ రోజులు కాదు. మళ్ళా ఎండ రావాల్సిందే.”

ఆమె తల దించుకొని కాఫీ కప్పు కింద పెట్టింది.

అంతలో పెట్టె మీద ఎర్రబొట్టు వెలిగింది. బ్యాటరీ అడుగంటుతోంది. ఉక్కపోతలో చుట్టాలకు తిరుగుతున్న ఫ్యాను ఎలా ఆపటం?

ఎస్తేరే లేచి ఫ్యాను స్విచ్చి కట్టేసింది. “గాలి లేకపోతే ఏమి? వెలుతురు ఉండనీండి.”

దీపం నిలిచింది. కాసేపటికి కరెంటు కూడా వచ్చింది. వెళ్తూ వెళ్తూ చిన్నప్ప బర్నబాస్ చెయ్యి పట్టుకొని, “మంచిదప్పా. కబురు చేస్తాము,” అన్నాడు.

ఆటో మలుపు తిరిగాక, వైరు చుట్టుకుంటూ బర్నబాస్ మెల్లగా అడిగాడు. “ఏమంటారమ్మా? మన పిల్ల నచ్చినట్టేనా?”

“జెనిఫర్‌కేమన్నా! చింతామణి వాళ్ళు సరేనని మొన్ననే ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసినారు.”

బర్నబాస్ చేతిలో వైరు జారింది. “మరి వీళ్ళు?”

కృపావతి గుమ్మానికి ఆనుకొని, ఇంతసేపూ ఆపుకున్న నవ్వంతా నవ్వింది.

“అన్నా, ఈ పొద్దు పెళ్ళిచూపులు జరిగింది నీకు.”