ఐసులో పీత

హలో, అందరూ బాగుండారా? మా జువ్వలదిన్నె ఒడ్డుకు ఐసు కొత్తగా వచ్చిన రోజుల కథ ఇది, రెండు నిమిషాలు వినండి.

పేరమ్మ ఐసు గంపలోంచి పీతలు ఏరుతోంది. కదలని ఒకదాన్ని ఇసుకలోకి విసిరేసింది. కూతుర్ని మద్రాసు ఆస్పత్రిలో చూపించుకొచ్చిన మొగుడు కామాక్షయ్య పక్కనే కూలబడ్డాడు.

"చెంచమ్మ గుండెలో చిల్లుండాదంట మే. కుట్టేముందు బిడ్డని ఐసులో పెడతారంట."

"ఐసు చచ్చినదానికి పెడతారయ్యా. నా బిడ్డ బతికుండాది."

"కుట్టేదాకా గుండె ఆపాలంట. చల్లగుంటే దాని కండ చెడదంట. డాక్టరు మూడుసార్లు చెప్తే నాకు అర్థమైంది ఇంతే. నువ్వు ఊ అంటే రేపే పోదాం."

"ఆగింది మళ్లా కొట్టుకోకపోతే?"

కామాక్షయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

ఎండ తగిలి, ఇసుకలో పడున్న పీత ఒక కాలు కదిపింది. తర్వాత ఇంకోటి. పేరమ్మ దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"ఇది చచ్చిందనుకున్నా," అంది మెల్లగా. గుడిసెలోకెళ్లి కంబళి తెచ్చి, మొగుడి మద్రాసు మూటలో పెట్టింది.

"ఈ ఎండల్లో అదెందుకు?"

"ఐసులోంచి లేచినాక బిడ్డకి చలెయ్యదా?"

ఆపరేషనంటే బెదిరిపోయేవాళ్లు మీకు తెలిసుంటే, ఈ కథ వాళ్లకు పంపండి.