కిటికీ దాకా పందెం

"లెవ్వుండ్రి సార్. జర మంచం దిగి నాలుగడుగులు వెయ్యాలె," అంది నర్సు భవాని.

భీమేశ్వరరావు గారు దుప్పటిని గడ్డం దాకా లాక్కున్నారు.

కొండాపూర్ ఆసుపత్రిలో ముందురోజే ఆయన పొట్టకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కేన్సరు పట్టిన జీర్ణాశయంలో సగానికి పైగా తీసేశారు.

"నిన్న కడుపు కోసి ఇవాళ నడవమంటారా? కుట్లు ఊడితే ఎవరిదండీ పూచీ?"

"కదలకుండ పండుకుంటే ఊపిరితిత్తులల్ల నిమ్ము పడతది సార్. పేగులు గూడ కదలయి. అప్పుడు ఇంకా పరేషాన్."

"పచ్చి ఒళ్ళమ్మా. మా నాన్నగారికి ఆపరేషనైతే నెల్లాళ్ళు మంచం దిగనివ్వలేదు," అంది భార్య భ్రమరాంబ.

ఆ నాన్నగారు ఆ మంచం మీదే పోయిన సంగతి ఆవిడకు గుర్తు రాలేదు.

పేగులు కదలడానికని భవాని ఇచ్చిన చూయింగ్ గమ్‌ను కూడా ఆయన ముట్టలేదు. తాసిల్దారుగా రిటైరైన మనిషి కాలేజీ కుర్రాడిలా గమ్ నమలడమా?

మొండివాడు రాజు కన్నా బలవంతుడు. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడింది, దగ్గు మొదలైంది. చూడటానికి వచ్చిన డాక్టరుగారు ఈసారి నవ్వుతూ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే పక్క గది మనిషి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఒంటిమీద అదే ఆసుపత్రి గౌను, చేతిలో సెలైన్ స్టాండు.

"నా పేరు ఈశ్వరయ్య సార్. మాది ప్రొద్దుటూరు, ఈడ ప్లాట్లు అమ్ముకుంటా. మీ కడుపు జబ్బే నాదీ, మీకు చేసిన నాడే నాకూ చేసినారు. ఇంకా పండుకోనే ఉండారా? కోస్తావాళ్ళు ఇంత సుకుమారమా?"

"మాట తిన్నగా రానివ్వండి," అన్నారు భీమేశ్వరరావు గారు.

"అట్లయితే ఆ వరండా చివర కిటికీ కాడికి పోదాం రాండి. ఎవరు ముందో సూద్దాం."

మందులు చెయ్యని పని రోషం చేసింది. ఆయన మంచం దిగారు. భ్రమరాంబ "ఏవండీ, ఏవండీ" అంటూ వెంట నడిచింది.

సగం దూరంలో ఆయనకు కళ్ళు తిరిగాయి. చూస్తే ఈశ్వరయ్య కూడా గోడకు ఆనుకుని ఆగిపోయాడు. దొరికావులే అనుకుని ఆయన మళ్ళీ అడుగు వేశారు.

ఇక పొద్దునా సాయంత్రం అదే పందెం. గెలవాలని ఆయన గమ్ కూడా నమిలారు. కిటికీ దగ్గర నిలబడి ఇద్దరూ కింద ఐటీ ఆఫీసుల అద్దాల మేడల్ని చూసేవాళ్ళు.

"ఇదంతా బండరాళ్ళే సార్ ఒకప్పుడు. అమ్మినోడు ఇప్పటికీ ఏడుస్తాండాడు," అనేవాడు ఈశ్వరయ్య.

దగ్గు తగ్గింది, జ్వరం జారింది, గంజి ఇమిడింది. భీమేశ్వరరావు గారిని ఇంటికి వెళ్ళమన్నారు. ఈశ్వరయ్యను మాత్రం ఉంచారు.

"చూశారా, నేనే ముందు. సీమవాళ్ళ పౌరుషం మాటల్లోనే," అన్నారు ఆయన, పుప్పాలగూడలోని కొడుకు ఇంటికి బయల్దేరుతూ.

"మీరే గెలిచినారు సార్," అని ఈశ్వరయ్య చేతులు జోడించాడు.

కొన్ని నెలల తర్వాత పరీక్షలకు వచ్చినప్పుడు, అంతా బాగుందని డాక్టరుగారు చెప్పారు. ఆ కబురు ముందు ఈశ్వరయ్యకే చెప్పాలనిపించింది ఆయనకు. ఫోన్ నంబరైనా తీసుకోలేదని అప్పుడు నొచ్చుకున్నారు.

వార్డులో భవాని కనబడింది.

"మా ఈశ్వరయ్య ఎలా ఉన్నాడమ్మా? పరీక్షలకు వస్తున్నాడా?"

"ఆయన చనిపోయిండ్రు సార్. మీరు ఇంటికి పోయిన నెలకే."

"అదేమిటమ్మా? ఇద్దరికీ ఒకటే ఆపరేషన్ కదా. నాకన్నా హుషారుగా నడిచాడే."

భవాని ఆయనను పక్కనున్న కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఆయనకు ఆపరేషన్ కాలేదు సార్. కెమెరా పెట్టి చూసి, అంతట పాకిందని ఏం తియ్యకుండనే మూసేసిన్రు. ఆయనకు ఆ సంగతి తెలిసిన పొద్దుగాలనే, మీరు లేస్తలేరని నేను ఫికర్ చేస్తుంటే, 'నడిస్తే బతికే మనిషమ్మా ఆయన, నేను లేపుతా' అని మీ తలుపు కాడికొచ్చిండ్రు."